ఊరు లేని రొయ్య

క్రూజ్ ఓడ ఎక్కే తెలుగువాళ్ళలో ఒక పాత తగువుంది. తిండి ఖర్చు టికెట్లోనే కలిపేసి ఉండగా, మళ్ళీ జేబులోంచి డబ్బు తీసి అదే ఓడలో ఇంకో హోటల్లో తినడం ఏవిట్రా, మతి ఉన్నవాడు చేసే పనేనా అని ఒక వర్గం. ఇంత దూరం వచ్చి, ఇంత తగలేసి, ఆ ఒక్క పూట దగ్గర పిసినారితనం ఏవిటని రెండో వర్గం. మా ఇంట్లో మా ఆవిడ మొదటి వర్గానికి నాయకురాలు. నేను రెండో వర్గంలో ఉన్నాను గానీ, పూర్తిగా కాదు. రాత్రి భోజనానికి అయితే ఆవిడ మాటే రైటు, మధ్యాహ్న భోజనానికి అయితే నా మాట రైటు అని నా వాదన. ఎందుకో చెప్తాను. ఆ చెప్పడంలో రొయ్యల సంగతి ఒకటి వస్తుంది. అసలు రాయాలనుకున్నది దాని గురించే.

క్రూజ్ ఎక్కని వాళ్ళ కోసం కాస్త వివరం. ఓడలో పెద్ద భోజనశాల ఒకటి, పైన బఫే ఒకటి ఉంటాయి. వీటిలో ఎన్నిసార్లు తిన్నా, ఎంత తిన్నా అడిగేవాడు లేడు. ఇవి కాక స్పెషాలిటీ రెస్టారెంట్లని విడిగా ఉంటాయి. ఇటాలియన్ ఒకటి, మాంసం కాల్చి పెట్టేది ఒకటి, జపాన్ వాళ్ళది ఒకటి, సముద్రపు సరుకు ఒక్కటే వండేది ఒకటి. వీటికి తలకింతని వేరే వసూలు చేస్తారు, దాని మీద టిప్పు అదనం. మా ఓడలో మధ్యాహ్నం అయితే తలకి 25 డాలర్లు, దాని మీద 18 శాతం. రాత్రయితే దానికి రెట్టింపు పైమాట. 2000లో నార్వీజియన్ క్రూజ్ లైన్ వాళ్ళు 'ఫ్రీస్టైల్' అని పేరు పెట్టి, ఎవరికి ఎప్పుడు ఎక్కడ తినాలనిపిస్తే అక్కడ తినండి అన్నప్పటి నుంచీ ఈ హోటళ్ళు ఓడల్లో పుట్టగొడుగుల్లా పెరిగాయి. ఎవరికి వారే కాపీ కొట్టారు.

ఇదేదో ఈ కాలపు దోపిడీ అనుకునేరు. ఓడలో విడిగా డబ్బు పెట్టి తినే హోటలు 1905లోనే ఉంది, జర్మనీ వాళ్ళ 'అమెరికా' అనే ఓడలో. టైటానిక్‌లో కూడా ఒకటుండేది. లూయిజీ గాట్టీ అనే ఇటలీ ఆయన దాన్ని సొంత మనుషులతో నడిపేవాడు. ఆయనా, ఆయన మనుషుల్లో దాదాపు అందరూ ఓడతో పాటే పోయారు. ఆ హోటలు విషయంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. మొదటి తరగతి ప్రయాణికుడు 'నా భోజనాలన్నీ ఆ హోటల్లోనే చేస్తాను' అని ముందుగా చెబితే టికెట్టు ధరలో కొంత తగ్గించేవారట. న్యాయం కదా మరి! పెద్ద భోజనశాలలో తినని తిండికి డబ్బులు కట్టించుకోకూడదన్న ఇంగితం 1912లో ఉంది. ఇవాళ ఏ ఓడలోనూ లేదు. మా ఆవిడ వాదనలో బలమంతా ఇక్కడే ఉంది, అది నేను ఒప్పుకోక తప్పదు.

మరి మధ్యాహ్నం ఎందుకు రైటంటారా? మేం ఎక్కిన ఓడ టెక్సాస్‌లో గాల్వెస్టన్ రేవు నుంచి బయల్దేరి మెక్సికోలో కొసుమెల్ దీవికి వెళ్తుంది. డాలస్ నుంచి గాల్వెస్టన్‌కి కారులో ఐదు గంటలు. మర్నాడంతా సముద్రమే, దిగడానికి నేల ఉండదు. అలాంటి రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి బఫేకి వెళ్ళి చూడండి. సంక్రాంతి ముందు రోజు విజయవాడ బస్టాండు గుర్తొస్తుంది. ప్లేటు పట్టుకుని ఖాళీ బల్ల కోసం తిరగడంలోనే తిన్నది అరిగిపోతుంది. 2025 క్రిస్మస్ సెలవుల్లో మాతో అమ్మా నాన్నగారూ కూడా ఉన్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నగారికి షుగరు, వేళకి పడాలి. ఆ స్పెషాలిటీ హోటల్లో మధ్యాహ్నం మనుషులే ఉండరు. కూర్చుంటే ఎదురుగా పెద్ద అద్దం, అద్దం అవతల నీళ్ళు. వడ్డించేవాడికి మన బల్ల కాక ఇంకో రెండో మూడో బల్లలు, అంతే. అక్కడ మనం డబ్బిచ్చి కొనేది తిండిని కాదు, కుర్చీని, కాస్త నెమ్మదిని. రాత్రయితే పెద్ద భోజనశాలలోనే కుర్చీ, నెమ్మది రెండూ టికెట్ డబ్బుల్లోనే దొరుకుతాయి. అంచేత రాత్రి అదనంగా ఇవ్వడం దండగ. ఇంతకంటే పెద్ద సిద్ధాంతం నా దగ్గర లేదు.

"ఐదుగురికి నూట పాతిక, పైన టిప్పు. ఆ డబ్బుతో నెలకి సరిపడా చేపలొస్తాయండీ కాస్ట్‌కోలో," అంది మా ఆవిడ. అన్నదే గానీ వచ్చింది. (వచ్చాక లాబ్‌స్టర్ తన ప్లేటులోది ఎవరికీ పెట్టలేదు, అది వేరే సంగతి.)

ఆ హోటలు గురించి ముందు తెలుసుకోవాల్సిందొకటుంది. చుట్టూ సముద్రమే కదా, తాజా చేపలనుకుంటాం. అద్దంలోంచి చూస్తే కింద కోట్ల చేపలు. వాటిలో ఒక్కటి కూడా ఆ వంటింటికి రాదు. వేలమందికి వండే ఓడ, వల వేస్తూ కూర్చోదు. రేవులో ఉన్న ఆ ఒక్క పగటిపూట లారీల్లోంచి ఫోర్క్‌లిఫ్టులతో సరుకు ఎక్కించేస్తారు. ఇంచుమించు అన్నీ గడ్డకట్టించిన పెట్టెలే. అంటే డాలస్‌లో మా ఇంటి పక్క హోటల్లో తినే చేపకీ దీనికీ తేడా కిటికీలోంచి కనపడే దృశ్యమే. ఇది తెలిసి వెళ్తే నిరాశ ఉండదు.

మెనూ ఒక పేజీయే. మొదట పచ్చి ఆల్చిప్పలు, అంటే ఆయిస్టర్లు. వాటిని నిమ్మకాయ పిండుకుని అలాగే మింగుతారు. నేను రెండు మింగాను. చిన్నప్పుడు పేరుపాలెం బీచిలో అల కొట్టినప్పుడు నోట్లోకి వెళ్ళిన నీళ్ళ రుచి, కాస్త నిమ్మకాయతో. నాన్నగారిని మటుకు ముట్టుకోనివ్వలేదు. షుగరు ఉన్నవాళ్ళూ, లివరు జబ్బు ఉన్నవాళ్ళూ పచ్చి ఆయిస్టర్లు తినకూడదని అమెరికా ఆహార శాఖ వాళ్ళే చెప్తారు. వాటిలో ఉండే విబ్రియో అనే బాక్టీరియా మామూలు మనిషికి కడుపు నొప్పితో సరిపెట్టినా వాళ్ళకి ప్రాణం మీదికి తేగలదు. మనవాళ్ళలో ప్రతి రెండో ఇంట్లో షుగరుంది, అంచేత ఇది ఊరికే అనుకోకండి, గుర్తుంచుకోండి.

తరవాత క్లామ్ చౌడర్. పాలూ మీగడా పోసి, బంగాళాదుంపలూ చిన్న గవ్వలాంటి వాటి మాంసమూ వేసి కాచే చారు. అమ్మ ఒక చెంచా దగ్గరకి తీసుకుంది, "ఇందులో పాలున్నాయేంట్రా?" అంది. ఉన్నాయన్నాను. చెంచా కింద పెట్టేసింది. చేపా పాలూ కలిపి తింటే బొల్లి వస్తుందని మా ఊళ్ళో ప్రతి తల్లికీ తెలుసు. దానికి ఆధారం ఏమీ లేదని డాక్టర్లంటారు, బోస్టన్‌లో జనం తరతరాలుగా తాగుతూ నిక్షేపంలా ఉన్నారని నేనూ అన్నాను. "వాళ్ళు ముందే తెల్లగా ఉన్నారు కదరా, నీకెలా తెలుస్తుంది?" అంది అమ్మ. దీనికి జవాబు మాస్టర్స్‌లో నేర్పలేదు.

క్రాబ్ కేక్ బాగుంది. అదీ అమ్మ తీర్పుతోనే: "పీత వడే. అల్లం, పచ్చిమిరపకాయ వెయ్యడం మర్చిపోయారు." మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి ఆవకాయ పొట్లం బయటికొచ్చింది. మాకు వడ్డించిన ఇండోనేషియా కుర్రాడు అది చూసి నవ్వి, వాళ్ళ వంటింట్లోంచి సంబల్ అని ఎర్ర కారం గిన్నెడు తెచ్చిపెట్టాడు. అది వాళ్ళ సిబ్బంది తినేదట. ఆ పూట తిన్నవాటన్నిటిలో నా ఓటు దానికే.

ఇక రొయ్యలు. ష్రింప్ కాక్‌టెయిల్ అంటే ఏమీ లేదు, ఉడకబెట్టి చల్లార్చిన రొయ్యలు ఆరు, తోకలు ఉంచి గ్లాసు అంచుకి వేలాడదీస్తారు, మధ్యలో టమాటా సాసు. నాన్నగారు ఒకటి తీసుకుని, తినకుండా, వేళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. చేతిలో బరువు చూశారు. "వనామీ. పాతిక కౌంటు. నాలుగు నెలలు దాటి ఉంచాడు చెరువులో, గుండె ధైర్యం ఉన్నోడు," అన్నారు.

మాది ఆకివీడు దగ్గర పల్లె. నాన్నగారిది మూడెకరాల చెరువు. ఒకప్పుడది వరి చేనే. 1990ల మొదట్లో అందరితో పాటు టైగర్ రొయ్య వేశారు, 1994, 95ల్లో తెల్లమచ్చ వైరస్ వచ్చి అందరితో పాటు పోగొట్టుకున్నారు. తరవాత కొన్నాళ్ళు చేపలు. 2009లో ప్రభుత్వం వనామీకి అనుమతి ఇచ్చాక, ఓ మూడేళ్ళు అందరినీ గమనించి, మళ్ళీ రొయ్యలోకి దిగారు. నా మాస్టర్స్ ఫీజు మొదటి సెమిస్టరుది ఒక పంట, రెండో సెమిస్టరుది ఇంకో పంట. చలికాలం పంట వెయ్యరు కాబట్టే ఆయన ఓడ ఎక్కగలిగారు.

'కౌంటు' అంటే తెలియని వాళ్ళకి: కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. వంద కౌంటు అంటే చిన్న సరుకు, ముప్పై కౌంటు అంటే పెద్దది. ధరంతా దీని మీదే. అమెరికాలోనూ ఇదే లెక్క, కాకపోతే పౌనుకి. సంచి మీద '16-20' అని ఉంటే పౌనుకి పదహారు నుంచి ఇరవై అని. కిలోకి మారిస్తే 35 నుంచి 44. కానీ అమెరికా సంచిలో రొయ్యకి తల ఉండదు, చెరువు గట్టు మీద తలతో సహా తూస్తారు, తల తీసేస్తే బరువులో మూడో వంతు పైనే పోతుంది. కాబట్టి ఇక్కడి 16-20 అక్కడి పాతిక కౌంటుకి దగ్గర. తలలేని, ఉడికించిన రొయ్యని చేత్తో పట్టుకుని నాన్నగారు చెప్పిన అంకె అది. నేను ఫోనులో లెక్క వేసుకుంటే గానీ నమ్మలేదు.

అప్పుడు మెనూ మళ్ళీ చూశాను. మెయిన్ లాబ్‌స్టర్. న్యూ ఇంగ్లండ్ చౌడర్. మేరీలాండ్ పీత వడ. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ మస్సెల్స్. ప్రతి దానికీ ఒక ఊరో, రాష్ట్రమో, దీవో ముందు తగిలించారు. రొయ్యకి మాత్రం 'జంబో' అని రాశారు. సైజు రాశారు, ఊరు రాయలేదు.

ఆ కుర్రాణ్ణి అడిగాను, ఈ రొయ్యలు ఎక్కడివని. తెలియదన్నాడు, కనుక్కుని వస్తానని వెళ్ళాడు. పది నిమిషాలకి వచ్చి, "సర్, పెట్టె మీద 'ప్రోడక్ట్ ఆఫ్ ఇండియా' అని ఉంది," అన్నాడు. నేను నాన్నగారికి చెప్పాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఈక్వెడార్‌దైనా ఇలాగే ఉంటుందిలే," అని ఆ రొయ్య నోట్లో వేసుకున్నారు. నేనే ఆ తరవాత చాలాసేపు ఇంకేం తినలేకపోయాను.

ఈ రొయ్య కథ చూడండి. వనామీ మన రొయ్య కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం, మెక్సికో నుంచి పెరూ దాకా. మన హేచరీలు జబ్బు లేని తల్లి రొయ్యల్ని హవాయి లాంటి చోట్ల నుంచి విమానంలో తెప్పిస్తాయి. అవి ముందు చెన్నైలో క్వారంటైన్‌లో ఉంటాయి, పరీక్షలు పాసైతే హేచరీకి వెళ్తాయి. వాటి పిల్లలు మా చెరువుల్లోకి వస్తాయి. రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతాయి, కరెంటు పోతే జనరేటరు, జనరేటరు మొరాయిస్తే ఆ రాత్రికి ఎవరికీ నిద్ర ఉండదు. పట్టుబడి అయ్యాక ఐసులో వేసి ప్లాంటుకి, అక్కడ ఆడవాళ్ళు తలలు తీసి, ఒలిచి, గడ్డకట్టించి, ఓడెక్కిస్తారు. అలా భూగోళం చుట్టి వచ్చి, మెక్సికో పక్కనే ఉన్న సముద్రంలో ఒక గాజు గ్లాసుకి వేలాడుతుంది. తల్లి అమెరికా నుంచే వచ్చినా పిల్లకి ఇక్కడ సుంకం కట్టాలి. వీసాలో పుట్టిన దేశం చూస్తారు కదా, ఇదీ అంతే!

నాకు ఇందులో కొత్తగా ఏమీ కనపడలేదు, ఎందుకంటే నేను బతుకుతున్నది ఇలాగే. కన్సల్టింగ్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎండ్ క్లయింటు, ప్రైమ్ వెండరు, సబ్ వెండరు, అట్టడుగున మనం. రాసిన ప్రోగ్రాము మనది, దాని మీద పేరు క్లయింటుది, గంటకి క్లయింటు ఇచ్చేదెంతో మనకి తెలియనివ్వరు. రైతు, గట్టు మీద ఏజెంటు, ప్లాంటు, ఇక్కడి దిగుమతిదారు, టోకు వ్యాపారి, ఓడ కంపెనీ. వరస అదే. కాకపోతే నా బిల్లింగ్ రేటు ఆరు నెలలకోసారి మారుతుంది, నాన్నగారిది పట్టుబడి రోజు పొద్దున మారుతుంది. ఆ గ్లాసులో ఆరు రొయ్యలు, అంటే చెరువు గట్టు మీద పావు కిలో సరుకు. దానికి వంద రూపాయలు చేతికొస్తే ఆ పంట బాగున్నట్టే. డాలరూ, పది సెంట్లూ.

ఇప్పుడు నా అభిప్రాయం. రొయ్యకి కూడా ఊరు రాయాలి. కనీసం దేశం రాయాలి. ఓడ మెనూలోనూ, ఒడ్డు మీద హోటల్ మెనూలోనూ.

అమెరికాలో కిరాణా కొట్టులో చేపలూ రొయ్యలూ అమ్మితే ఏ దేశానివో, చెరువువో సముద్రానివో రాసి తీరాలని చట్టం ఉంది, 2005 నుంచి అమల్లో ఉంది. మీరు కాస్ట్‌కోలో సంచి తిప్పి చూస్తే కనపడుతుంది. కానీ హోటళ్ళకి ఆ చట్టంలో మినహాయింపు ఇచ్చారు. 2024లో అమెరికా దిగుమతి చేసుకున్న రొయ్యల్లో అన్ని దేశాల కంటే పెద్ద వాటా మనదే, మన దేశంలో రొయ్యలు ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశే. అంటే ఈ దేశంలో ఊరు పేరు లేని రొయ్య ఎవరైనా తింటే, అది గోదావరి జిల్లాలదో, కృష్ణా, నెల్లూరు జిల్లాలదో అయ్యే అవకాశం బాగానే ఉందన్నమాట. తిన్నవాడికి తెలియదు. పంపినవాడికీ తెలియదు.

లూసియానా రాష్ట్రం మాత్రం 2019 నుంచి, హోటళ్ళు విదేశీ రొయ్య వాడితే ఆ సంగతి చెప్పి తీరాలని చట్టం పెట్టుకుంది. ఎందుకు పెట్టిందంటే మన మీద ప్రేమతో కాదు. అక్కడ సముద్రంలో రొయ్యలు పట్టే మత్స్యకారులు మన సరుకు ధరకి తట్టుకోలేక పడవలు కట్టేస్తున్నారు. 'విదేశీ' అన్న మాట చూసి జనం వద్దంటారని వాళ్ళ ఆశ. 2005లో మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం వచ్చినా, 2024లో ఇంకో సుంకం వచ్చినా, వెనక ఉన్నది ఈ జాలర్ల గోడే. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మాత్రం ఈ తగువు వేరు, రష్యా చమురు వేరు, దెబ్బ మటుకు ఒక్కటే. ఆ వారం మా ఊళ్ళో రేటు పడిపోయిందని బాబాయి ఫోను చేసినప్పుడు నేను ఇక్కడ స్ప్రింట్ ప్లానింగ్ మీటింగులో ఉన్నాను.

లూసియానా వాళ్ళ ఉద్దేశం ఏదైనా, ఆ చట్టం నాకు నచ్చింది. పేరు దాచి అమ్ముడుపోవడం ఎన్నాళ్ళు? పేరు ఎంత పని చేస్తుందో చేపల వ్యాపారులకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పెద్ద హోటళ్ళలో 'చిలియన్ సీ బాస్' అని బోలెడు డాలర్లకి అమ్మే చేప ఉంది చూశారూ, దాని అసలు పేరు పటగోనియన్ టూత్‌ఫిష్. అది సీ బాస్ కానే కాదు. 1977లో లీ లాంట్జ్ అనే అమెరికా దిగుమతిదారు ఆ పేరు పెట్టాడు, పళ్ళ చేప అంటే ఎవడు కొంటాడని. అబద్ధపు ఊరుకే అంత విలువుంటే, నిజమైన ఊరుకి ఉండదా? మన దగ్గర మాత్రం లేదా ఏమిటి? పూతరేకులు ఎక్కడైనా చుడతారు, ఆత్రేయపురం అంటేనే చెయ్యి చాస్తాం. 2023లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. పులస పుస్తెలమ్మైనా తినాలన్నది గోదావరి పులస గురించే, హుగ్లీ పులస గురించి కాదు. తినే విషయంలో ఊరు పేరు చూసే జాతి మనది. అమ్మే విషయానికొచ్చేసరికి మన ఊరు పేరు ఎవరో చెరిపేస్తే ఊరుకుంటున్నాం.

హ్యూస్టన్‌లో మా స్నేహితుడొకడు సముద్రపు సరుకు దిగుమతి కంపెనీకి సాఫ్ట్‌వేర్ చేస్తాడు. వాడికీ విషయం చెబితే, "ఒరేయ్, నువ్వు మీ నాన్నగారి పొట్ట కొడతావురా," అన్నాడు. ఇండియా అని రాస్తే తినేవాళ్ళు మానేస్తారు, యాంటీబయాటిక్స్ అనీ మురికి అనీ ఏవేవో అనుకుంటారు, రాయకపోవడమే మనకి మేలని వాడి వాదన. కొట్టిపారేసే వాదన కాదు. యాంటీబయాటిక్స్ దొరికాయని మన కంటైనర్లు ఇక్కడ రేవుల్లో ఆగిపోవడం నిజం. 2024 మార్చిలో అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళు మన రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళ పరిస్థితి మీద పెద్ద కథనం రాశారు. ఐసు నీళ్ళలో గంటలకొద్దీ చేతులు, చాలీచాలని కూలి. అది చదివి మా ఊరి గ్రూపులో కొందరు విదేశీ కుట్ర అన్నారు. ఆ షెడ్డుకి వెళ్ళే మనుషులు మా ఊళ్ళో నాకు తెలుసు, వాళ్ళ చేతులు చూశాను. కుట్రేమీ అక్కర్లేదు. ఇంకా ఒకటి, మా పక్క బావుల్లో నీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందో. చెరువుల ఉప్పు పక్క వరి చేలల్లోకి దిగిందని తగువులు మా చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. మంచినీళ్ళు క్యాన్లలో కొనుక్కునే ఊరు, రొయ్యలకి మాత్రం నీళ్ళు పెడుతుంది.

ఊరు రాస్తే ఇదంతా బయటికొస్తుంది. రావాలనే నేను అంటున్నది. పేరు లేని సరుకుకి మంచి చేసినవాడూ చెడగొట్టినవాడూ ఒక్కటే. మందులు వాడకుండా, తక్కువ పిల్ల వేసి, నెమ్మదిగా పెంచిన రైతుకి ఇవాళ దక్కేదేమిటి? పక్క చెరువువాడికి దక్కిన రేటే. ఒక కంటైనరు దొరికితే జిల్లా జిల్లాకీ చెడ్డపేరు, వంద కంటైనర్లు బాగుంటే ఎవరికీ మంచిపేరు లేదు. ప్రోగ్రాములో తప్పు జరిగితే ఆఫ్‌షోర్ టీమ్ అంటారు, బాగా నడిస్తే క్లయింటు పేరు చెప్తారు. ఈ ఏర్పాటు ఎవరికి లాభమో నాకు పదేళ్ళ ఉద్యోగంలో బాగానే అర్థమైంది.

ఆ సాయంత్రం పైన డెక్కు మీద నడుస్తూ నాన్నగారికి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు.

"పేరు రాస్తే రేటు పెరుగుద్దంటావా?"

"పెరగొచ్చు నాన్నగారూ."

"ఎవరికి?"

నేను వెంటనే చెప్పలేకపోయాను. ఆయనే అన్నారు, "మెనూ కార్డు మీద ఆకివీడు అని రాసినా, గట్టు మీద తూకం ఏజెంటు చేతిలోనే ఉంటది కదరా. ముందు ఆ తూకం సంగతి చూడమను మీ గవర్నమెంటుని, మా గవర్నమెంటుని. పేరు తరవాత రాసుకోవచ్చు."

ఆయనతో నేను పూర్తిగా ఏకీభవించను. తూకం సరిచెయ్యాలంటే ముందు ఆ సరుకు ఎవరిదో తెలియాలి కదా. ఏ చెరువుదో పెట్టె మీద దాకా వస్తే, గట్టు మీద ఎంత ఇచ్చారో అడగడానికి కూడా ఒక దారి ఉంటుంది. ఆయనకి ఈ మాట నచ్చలేదు. ముప్పయ్యేళ్ళు చెరువు గట్టు మీద నిలబడిన మనిషి, నేను మెనూ కార్డు చదివి చెప్తున్నాను, అదీ ఉంది. ఈ విషయం మా ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు, ఫోను చేసినప్పుడల్లా ఓ రౌండు నడుస్తుంది.

ఓడ దిగాక వాళ్ళు పంపిన సర్వేలో ఇదే రాశాను. తిండి వేడిగా ఉందా, సిబ్బంది నవ్వారా అని ఒకటి నుంచి ఐదు మార్కులు వెయ్యమన్నారు, ఊరు గురించి ప్రశ్న లేదు కాబట్టి చివర్లో ఖాళీ డబ్బాలో రాశాను. ఒక్కడు రాస్తే ఏమీ కాదు. మీరు వెళ్ళినా రాయండి, వడ్డించేవాణ్ణి అడగండి కూడా. విసుక్కోరు, లోపలికెళ్ళి పెట్టె చూసి చెప్తారు. దిగుమతి సరుకు కాబట్టి పెట్టె మీద దేశం రాసే ఉంటుంది.

ఇక ఆ హోటలు సంగతి, కొందరు అదే అడుగుతారు కాబట్టి: వెళ్ళొచ్చు. సముద్రం మీద ఉండే రోజు చూసుకుని, మధ్యాహ్నం పన్నెండుకి ముందే వెళ్ళండి, కిటికీ పక్క బల్ల అడగండి. పీత వడ, లాబ్‌స్టర్ తీసుకోండి. చౌడర్ అమ్మలు తాగరు. వడ్డించేవాడు ఇండోనేషియా అయితే మొహమాటపడకుండా సంబల్ అడగండి, ఆవకాయ పొట్లం ఆదా అవుతుంది.